ఛత్ దించుకునే ముందు

ఈ మధ్య మన ఇళ్లలో మరమ్మత్తు మాట వస్తే చాలు, ముందుగా వినపడేది ఒకటే: "పైన ఛత్ దించేద్దాం." పాత ఇల్లంటే 14 అడుగుల ఎత్తు. సున్నం రాలుతుంటుంది, కడీలకు చెదలు, మూలల్లో తేమ మరకలు, బూజు దులపాలంటే నిచ్చెన కావాలి. 10 అడుగుల దగ్గర ఒక ఫాల్స్ సీలింగ్ కొట్టించుకుంటే అదంతా కనపడకుండా పోతుంది. గది కొత్తదవుతుంది, ఏసీ చల్లగా తగులుతుంది. మూడు రోజుల పని.

మా ఇంట్లోనూ ఇదే మాట వచ్చింది. మహబూబ్‌నగర్‌లో మా దాదా 1930లలో కట్టించిన ఇల్లు. పోయిన వానాకాలం దీవాన్‌ఖానా ఛత్ నుంచి పరాత్ అంత పెచ్చు ఊడి తఖ్త్ మీద పడింది. అమ్మీ రోజూ పడుకునేది అక్కడే. ఆ రాత్రి ఫుప్పీ వాళ్లింటికి పోయి ఉండబట్టి సరిపోయింది, అల్‌హమ్‌దులిల్లాహ్. తమ్ముడు మర్నాడే సీలింగు చేసే అబ్బాయిని పిలిచాడు. అతను టేపు పెట్టి కొలిచి, లెక్క చెప్పి, "పైన ఏముంటే మనకేంది భాయ్, కింద నుంచి కనపడదు గదా" అన్నాడు. పైన ఏముందో చూడకుండా కింద మూత వేయడమేంటని నేను కొంత మొహ్లత్ అడిగాను. ఆ గడువులో చదివినవి, ఛత్ ఎక్కి చూసినవి, ఊళ్లో మిగిలిన ఒకరిద్దరు ముసలి మేస్త్రీలను అడిగి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో కూడా రేపో మాపో ఈ ముచ్చట రావచ్చు.

ముందు ఆ ఛత్ ఎట్లా కట్టారో చెప్పాలి. మా దీవాన్‌ఖానా నిజానికి 24 అడుగుల పొడుగు, 16 అడుగుల వెడల్పు. మధ్యలో వెడల్పుకు అడ్డంగా ఒక షహ్‌తీర్, అంటే పెద్ద టేకు దూలం. దానికి అటూ ఇటూ మూరకో కడీ చొప్పున చిన్న దూలాలు వరసగా ఉంటాయి. వాటి ఒక కొస షహ్‌తీర్ మీద, ఇంకో కొస గోడలో. కడీల పైన అంగుళం మందం ఉండే పలుచని ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరసల్లో సున్నంతో పేర్చుతారు. ఇంజనీర్లు దీన్నే మద్రాస్ టెర్రస్ అంటారు. దక్షిణాదిలో వందేళ్ల కిందటి బంగళాలు, కచేరీలు, స్కూళ్లు చాలావరకు ఇట్లాంటివే. కొన్నిచోట్ల టేకు బదులు ఇనుప గర్డర్లు వేసి, వాటి మధ్య ఇటుకలతో చిన్న చిన్న కమాన్లు కట్టారు. షాబాద్ బండలు దగ్గరగా దొరికే చోట కడీల మీద బండలే పరిచారు.

అసలు ఇల్మ్ ఇటుకల పైన ఉంది. ఇటుక ముక్కలు, సుర్ఖీ, డంగు సున్నం కలిపి మూడు నాలుగు అంగుళాల మందాన పరిచేవారు. తరవాత కూలీలు, ఎక్కువగా ఆడవాళ్లు, వరసగా కూర్చుని చదునైన కర్ర చెక్కలతో దాన్ని కొట్టేవారు. ఒక పూట కాదు, రోజుల తరబడి. మధ్యమధ్యన కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు చల్లేవారు. చెక్క దిగకుండా ఎగిరి వెనక్కి రావడం మొదలైతే అప్పుడు పని అయినట్టు. కట్టడం పనికి దేశమంతా తిరిగి, ఆనకట్టలు కట్టిన పాలమూరు కూలీల గురించి అందరికీ తెలుసు. వాళ్ల సొంత ఊళ్లలో ఇళ్ల మీద ఇట్లా కూర్చుని చేసిన పని మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

సున్నానికి ఒక గుణం ఉంది. అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మెల్లగా పీల్చుకుని మళ్లీ రాయిలాగే మారుతుంది. తడిస్తే ఆరిపోతుంది, ఆవిరిని లోపల బంధించదు. వెంట్రుకంత పగుళ్లు వస్తే తనే కొంతవరకు పూడ్చుకుంటుంది. అయితే ఏటేటా ఒకసారి మనిషి పైకెక్కి చూసుకోవాలి. పర్నాలా, అంటే నీళ్లు పోయే తూము, శుభ్రం చేయాలి. మొలిచిన రావి మొక్కను వేళ్లతో సహా తీయాలి. పగులు కనపడితే సున్నం పాలు పోయాలి. ఈ సంగతి గుర్తుంచుకోండి, కింద మళ్లీ పని పడుతుంది.

ఇక ఎత్తు. ఎత్తయిన ఛత్ అంటే నవాబుల శాన్ అని మనవాళ్లే అంటుంటారు. నవాబుల దేవుడీలకు అది నిజమే కావచ్చు. చౌమహల్లా ఖిల్వత్‌లో ఝూమర్లు వేలాడదీయాలంటే ఆ ఎత్తు కావాలి. కానీ ఒక అహల్కార్ జీతంతో కట్టిన మా ఇంట్లో 14 అడుగులు ఎందుకు? పని కోసమే. వేడి గాలి పైకి పోతుంది. ఛత్ కింద రోషన్‌దాన్‌లు ఉంటే అక్కడి నుంచి బయటపడుతుంది, దాని జాగాలోకి సెహన్ వైపు దర్వాజాల నుంచి చల్లగాలి వస్తుంది. మే నెల మధ్యాహ్నం ఛత్ అడుగుభాగం కాలుతుంది, ఆ సెగ మనిషి నెత్తికి ఎంత దూరంగా ఉంటే అంత నయం. కందీళ్ల పొగ కూడా పైకే పోవాలి. హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున కరెంటు తయారుచేసే కార్ఖానా మొదలైంది 1920లో. జిల్లాల్లో చాలా ఇళ్లకు తీగ రావడానికి ఇంకా ఎన్నో ఏళ్లు పట్టింది. అప్పటిదాకా ఛత్‌కు పంఖా కట్టి తాడుతో లాగేవారు. మా షహ్‌తీర్‌కు ఇప్పటికీ ఆ ఇనుప కొక్కేలు రెండున్నాయి.

అంగ్రేజులకు కూడా ఈ ఎత్తు ఊరికే రాలేదు. హిందూస్తాన్‌లో తమ సిపాయీలు జంగ్‌లో కన్నా జబ్బులతో ఎక్కువ చస్తున్నారని వాళ్లు ఒక కమిషన్ వేశారు. 1863లో దాని రిపోర్టు వచ్చింది. ఫ్లోరెన్స్ నైటింగేల్ దానికోసం ఎంతో కష్టపడింది. మనిషికి ఇన్ని ఘనపుటడుగుల గాలి ఉండాలన్న హిసాబ్ దాంతో గట్టిపడింది. తరవాత కంటోన్మెంట్లలో లేచిన బ్యారక్‌లు, వాటిని చూసి కట్టిన సర్కారీ ఇమారత్‌లు అంత ఎత్తున ఉండటానికి అదొక కారణం. అంటే ఎత్తు ఒకప్పుడు సెహత్‌కు సంబంధించిన విషయం. ఇప్పుడు ఏసీ వచ్చాక లెక్క తిరగబడింది. 12 అడుగులు, 16 అడుగుల గదిని 14 అడుగుల ఎత్తున చల్లబరచాలంటే 2,688 ఘనపుటడుగుల గాలి. 10 అడుగులకు దించితే 1,920. పావు వంతుకు పైగా తగ్గుతుంది. తమ్ముడి వాదన ఇదే, ఇందులో తప్పు పట్టడానికేం లేదు.

ఎత్తయిన ఛత్ మన దీన్‌లోనైనా గొప్పదేం కాదు. మదీనాలో మస్జిదె నబవీకి మొదట ఉన్నది ఖర్జూరపు దుంగలు, మట్టలు. రమజాన్‌లో ఒక రాత్రి వాన కురిసి ఛత్ కారిందని, రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం ఆ తడి మట్టిలోనే సజ్దా చేశారని, తెల్లవారి ఆయన నుదుటి మీద ఆ మట్టి ఆనవాలు కనపడిందని సహీ హదీసుల్లో ఉంది. ఉమ్మహాతుల్ మోమినీన్ హుజ్రాల సంగతి ఇంకా ఆశ్చర్యం. హసన్ బస్రీ రహ్మతుల్లాహ్ అలైహ్ తన చిన్నతనంలో ఆ హుజ్రాల్లోకి పోతే ఛత్ చేతికి అందేదని చెప్పుకున్నారు. తరవాత ఖలీఫా వలీద్ కాలంలో, 707 నుంచి 709 మధ్య, మస్జిద్‌ను పెద్దది చేయడానికి ఆ హుజ్రాలను కూల్చారు. అప్పుడు మదీనా వాళ్లు ఏడ్చారని, సయీద్ బిన్ ముసయ్యబ్ లాంటి ఆలిమ్‌లు వాటిని అట్లాగే ఉంచి ఉంటే బాగుండేదని, దూరం నుంచి వచ్చే జనం రసూల్ ఎంత సాదాగా బతికారో కళ్లతో చూసేవారని బాధపడ్డారని తారీఖ్ కితాబుల్లో ఉంది. చేతికందే ఛత్ కోసం ఏడ్చిన ఉమ్మత్ మనది. కాబట్టి ఎత్తు పోతుందని నాకు దిగులు లేదు.

ఛత్ దించడం కూడా కొత్త సంగతి కాదు. ఉర్దూలో ఛత్‌గీరీ అనే మాట ఉంది, విన్నారో లేదో. పాత ఇళ్లలో కడీల నుంచి రాలే దుమ్ము, పురుగూ మీద పడకుండా ఛత్ కింద బిగించి కట్టే గుడ్డ అది. తెలుగులో మేలుకట్టు అంటారు. అంగ్రేజుల బంగళాల్లో కూడా గడ్డి కప్పు కింద తెల్ల గుడ్డ లాగి కట్టి, దానికి సున్నం పూసి, పక్కా ఛత్‌లా కనిపించేట్టు చేసేవారు. దాని మీద రాత్రంతా ఎలకలు పరిగెత్తేవి, ఎలకల కోసం పాములు వచ్చేవి. ఈ దేశపు ఫాల్స్ సీలింగ్ అదే. పండగలకో, ఏడాదికో గుడ్డ విప్పి ఉతికి మళ్లీ కట్టేవారు. విప్పినప్పుడు పైన ఏముందో కనపడేది. ఈ చిన్న తేడా నాకు పెద్దదిగా తోచింది.

గుడ్డ మాట అటుంచండి, రాతిలో కూడా ఇదే చేశారు. ఢిల్లీలో హుమాయూన్ మక్బరా గుంబద్‌కు రెండు పొరలున్నాయి. బయటి గుంబద్ దూరం నుంచి గొప్పగా కనపడాలి, అందుకని ఎత్తు. అదే ఎత్తు లోపల కూడా ఉంటే కింద నిలబడ్డవాడికి బావిలోంచి పైకి చూసినట్టుంటుంది. అందుకని లోపల ఇంకో గుంబద్‌ను కిందికి కట్టారు, మధ్యలో ఖాళీ వదిలారు. తాజ్‌మహల్‌లోనూ అంతే. మన దక్కన్‌లో బీజాపూర్ గోల్ గుంబజ్ మాత్రం ఒకే పొర, బయటి కొలత 44 మీటర్లు. అంత ఖాళీని కిందకు దించకుండా వదిలేసిన ఆదిల్‌షాహీల ధైర్యానికి నేనైతే సలాం చేస్తాను. కానీ మొఘల్ మేమార్లు చేసింది కూడా తక్కువ పనేం కాదు. పైది పైదిగా గట్టిగా నిలబడింది, కిందిది కిందిదిగా. ఒకదాని రోగం దాచడానికి ఇంకోటి కట్టలేదు.

ఆ మక్బరాతోనే ఇంకో కిస్సా ఉంది, అది మా ఇంటికి నేరుగా పనికొచ్చింది. ఇరవయ్యో శతాబ్దంలో ఛత్ కారకుండా దాని మీద సిమెంటు కాంక్రీటు పొరలు వేస్తూ పోయారు. ఆగా ఖాన్ ట్రస్టు వాళ్లు మరమ్మత్తు చేపట్టినప్పుడు ఆ ఛత్ మీది నుంచి చేతి పనిముట్లతో తీసేసిన కాంక్రీటు పది లక్షల కిలోలు. మళ్లీ సున్నంతో చేశారు, 2013లో పని పూర్తయింది. హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీ మక్బరాల దగ్గర కూడా అదే ట్రస్టు 2013లో మొదలుపెట్టి పదేళ్లకు పైగా పనిచేసింది. అక్కడా సిమెంటు తీసేసి సున్నం పెట్టడమే పనిలో పెద్ద భాగం.

సిమెంటు మంచిదే, దాని జాగాలో. సున్నపు ఛత్ మీద పోస్తే అది గట్టిగా బిగుసుకుంటుంది, కింది కడీలు ఎండకూ వానకూ కొంచెం కదులుతుంటాయి. రెంటికీ పొసగదు, సిమెంటు పగులుతుంది. పగుల్లోంచి దిగిన నీళ్లు మళ్లీ పైకి ఆరిపోవడానికి దారి ఉండదు. అవి మెల్లగా గోడలో దిగి ఉన్న కడీ కొసలకు చేరతాయి. టేకు అయినా సరే, కొస ఎప్పుడూ తడిగా ఉంటే కుళ్లుతుంది, చెదలు పడతాయి. కింద నుంచి చూస్తే కడీ మధ్యభాగం నిగనిగలాడుతూనే ఉంటుంది. పెచ్చు ఊడినప్పుడు గానీ మనకు తెలియదు.

ఇక్కడ భాషలో దాగిన ఒక ముచ్చట. మనం ఇప్పుడు కొట్టించుకునే పీఓపీ, జిప్సం బోర్డు, వీటి అసలు సరుకును ఫార్సీలో గచ్ అంటారు. ఇరాన్‌లో వేల ఏళ్లుగా గచ్‌తో గోడల మీద పువ్వులు, ఆయత్‌లు చెక్కారు. ఆ మాట దక్కన్‌కు వచ్చింది గానీ సరుకు మారింది. ఇక్కడి వానలకు జిప్సం నిలవదు, తడిస్తే మెత్తబడుతుంది. అందుకని మన మేమార్లు సున్నంతో అదే పని చేసి గచ్కారీ అన్నారు. పైగా మక్బరాల మీద కనపడే ఆ సన్నని పనితనం అదే. తెలుగులో గచ్చు నేల అంటాం, గచ్చిబౌలి అంటాం, అన్నీ ఆ మాటే. నాలుగైదు వందల ఏళ్ల కిందట వానకు భయపడి మనవాళ్లు వద్దనుకున్న ఆ గచ్‌నే ఇప్పుడు తీసుకొచ్చి కారుతున్న ఛత్ కింద కడుతున్నాం.

అయితే ఛత్‌లు ఎందుకు పాడయ్యాయి? పాతబడి అని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. మక్కా మసీదు, చార్మినార్ మా ఇంటి కన్నా వందల ఏళ్లు పెద్దవి. సున్నపు ఛత్ ఉమర్ ఎక్కువై పడదు, చూసుకునేవాళ్లు లేక పడుతుంది. పైన చెప్పిన ఏటేటా మరమ్మత్తు ఎప్పుడు ఆగిందో మా ఇంట్లో వాళ్లను అడిగితే సమాధానం దొరికింది. 1948 సెప్టెంబర్ తరవాత. పోలీస్ యాక్షన్ తరవాత కచేరీ భాష మారింది, ఉర్దూ మీద బతికిన చిన్న అహల్కార్లు ఎంతోమంది రోడ్డున పడ్డారు, వాళ్లలో మా దాదా ఒకరు. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు వచ్చింది. రైతుకు అది న్యాయమే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ జాగీర్ల మీద ఆధారపడిన దేవుడీల వెనక వందల మంది సున్నం పనివాళ్లు, వడ్రంగులు, నక్కాషీ వాళ్లు బతికేవారు. వాళ్ల పని కూడా దాంతోనే పోయింది. కొందరి చుట్టాలు కరాచీ పోయారు, ఇళ్లకు తాళాలు పడ్డాయి. దాదీ ఆ తరవాత ఛత్ మీద ఎన్నడూ సున్నం వేయించలేదని అబ్బా చెప్పేవారు. పిల్లల ఫీజులా, ఛత్తా అంటే ఎవరైనా ఫీజులే కడతారు.

అటు సున్నం కొనే దిక్కు తగ్గింది, ఇటు సిమెంటు పెరిగింది. చాలా ఏళ్లు సిమెంటు పర్మిట్ మీద దొరికేది. 1982లో సగం, 1989లో పూర్తిగా కంట్రోల్ ఎత్తేశాక గల్లీ దుకాణంలో బస్తా దొరకడం మొదలైంది. డంగు తిప్పే ఎద్దులు, సున్నం నానబెట్టే గుంతలు ఒక తరంలో మాయమయ్యాయి. మా ఛత్ మీది సిమెంటు పొర కూడా ఆ రోజుల్లోదే.

మూడో కారణం మన ఇళ్లకే ప్రత్యేకం: తక్సీమ్. దాదా ఇంతెఖాల్ తరవాత ఇల్లు షరీఅత్ ప్రకారం హిస్సాలైంది. దీవాన్‌ఖానాలో షహ్‌తీర్ సరిగ్గా మధ్యలో ఉంది కాబట్టి దాని కిందే గోడ లేపారు. ఇటు 12 అడుగులు అబ్బాకు, అటు 12 అడుగులు చాచాకు. ఫుప్పీ తన హిస్సా పైసల రూపంలో తీసుకుంది. మెట్లు చాచా వైపు పడ్డాయి, ఛత్ వాళ్లకే రాసుకున్నారు. గోడ కింద సరిహద్దు కుదిరింది. పైన షహ్‌తీర్‌కు మాత్రం తక్సీమ్ తెలియదు, రెండు వైపుల బరువూ మోస్తూనే ఉంది. చాచా పిల్లలు ఛత్ మీద 1,000 లీటర్ల ట్యాంకు పెట్టుకున్నారు. నిండితే నీళ్లే ఒక టన్ను. అది మా కడీల నెత్తిన ఉంది. ఏళ్ల తరబడి మేం "మీ నీళ్లు మా గదిలో కారుతున్నాయి" అనడం, వాళ్లు "మీ గది మీరు చూసుకోండి" అనడం. ఈద్‌కు గలే మిలడం కూడా మొక్కుబడిగా మారింది. పాత ఇళ్లున్న ఖాందాన్‌లలో ఇది కొత్త కథేం కాదు.

దీనికి ఫిఖహ్‌లో జవాబు ఉందని నాకు ఇప్పుడే తెలిసింది. కింది అంతస్తు ఒకరిది, పైది ఇంకొకరిది అయితే ఏం చేయాలన్నది మన ఫుఖహా వందల ఏళ్ల కిందటే తర్కించారు. ఉస్మానీ సల్తనత్‌లో 1869 నుంచి 1876 దాకా హనఫీ మస్లక్ ప్రకారం తయారుచేసిన కానూన్ సంకలనం మజల్లాలో కూడా ఆ మసలా ఉంది. దాని సారం ఇది: పైవాడికి కిందివాడి కట్టడం మీద నిలబడే హక్ ఉంది, కిందివాడికి పైవాడి ఛత్ వల్ల ఎండా వానల నుంచి కాపాడబడే హక్ ఉంది. ఒకరికి నష్టం కలిగించే పని ఇంకొకరు ఇజాజత్ లేకుండా చేయకూడదు. మస్జిద్‌లో ఇమామ్ సాబ్‌ను అడిగితే అదే చెప్పారు, చాచా పెద్దకొడుకు వినేట్టుగా చెప్పారు. ఆ మాట కోర్టు నోటీసు చేయలేని పని చేసింది. శుక్రవారం నమాజ్ తరవాత ఆయనే వచ్చి, "చలో భాయ్, ఊపర్ చల్కే దేఖ్తే" అన్నాడు. ఇద్దరం కలిసి ఛత్ ఎక్కి చాలా ఏళ్లైంది.

పైన పని ముందు, కింద పని తరవాత అని నిర్ణయించుకున్నాం. సీలింగు అబ్బాయికి కొన్నాళ్లు ఆగమని చెప్పాం. మొదట కింద నుంచి కడీలకు ఇనుప జాకీలు ఆనించారు. తరవాత ట్యాంకు దించి గోడ మీద సరిగ్గా బరువు పడేట్టు వేరే చోట గద్దె కట్టారు. సిమెంటు పొర ఉలి సుత్తితో తీశారు. మిషన్ పెడితే కింది ఇటుకలు కదులుతాయని ముసలి మేస్త్రీ ఒప్పుకోలేదు. మా వైపు 13 కడీల్లో రెండింటి కొసలు చేత్తో తీస్తే పొడిలా రాలాయి, ఒకటి సగం పోయింది. మిగతా వాటిని కర్రతో తట్టి చూస్తే గణగణమని మోగాయి. పాడైన కొసల వరకు కోసి, రెండు వైపులా ఇనుప చానెళ్లు బోల్టులతో బిగించి గోడలోకి దించారు. ఆ కొసల చుట్టూ గాలి ఆడేట్టు కొంచెం సందు వదిలారు. కడీ మొత్తం మారిస్తే ఇంకా మంచిదే, మా బడ్జెట్ అంతే. సున్నం మాత్రం తేలికగా దొరకలేదు. సున్నం పని తెలిసినవాళ్లను పక్క తాలూకా నుంచి పిలిపించాం. దిమ్మిస కొట్టే రోజుల్లో అమ్మీ కుర్చీ వేసుకుని సెహన్‌లో కూర్చుని ఆ చప్పుడు వింటూ ఉండిపోయింది. తన నికాహ్ అయి ఈ ఇంట్లోకి వచ్చినప్పుడు పక్కింటి ఛత్ మీద విన్న చప్పుడే అంది.

ఒక వానాకాలం గడవనిచ్చాం. చుక్క రాలేదు.

ఆ తరవాత ఛత్ దించాం, అవును, దించాం. అమ్మీకి డెబ్బై దాటాయి, ఉబ్బసం, ఎండాకాలం ఏసీ లేకపోతే నిద్ర లేదు. ఆమె ఊపిరి కన్నా నాకు 14 అడుగులు ఎక్కువ కాదు. కానీ పాత కడీలకు ఒక్క మేకు కూడా కొట్టనివ్వలేదు. గోడ నుంచి గోడకు వేరే ఇనుప ఫ్రేము వేసి దానికే సీలింగు కట్టించాం, పంఖా కొక్కెం కూడా దానికే. బోర్డులు తేమకు తట్టుకునే రకం తెప్పించాం. రోషన్‌దాన్‌లు ఇప్పుడు సీలింగు పైన ఉండిపోయాయి. వాటిని ఇటుకతో మూసేద్దామన్నారు, వద్దని జాలీ పెట్టించాం, పైన ఉన్న ఖాళీలో గాలి ఆడాలి కదా. ఒక మూల రెండడుగుల చదరపు మూత పెట్టించాం. టార్చ్ పట్టుకుని తల పైకి పెడితే కడీలు, షహ్‌తీర్, పంఖా కొక్కేలు అన్నీ కనపడతాయి. సీలింగు అబ్బాయికి ఆ మూత నచ్చలేదు, డిజైన్ చెడిపోతుందన్నాడు. దాలాన్‌ను మాత్రం ముట్టుకోలేదు, అది 14 అడుగులే.

ఖర్చులో షహ్‌తీర్ మీది పని సగం సగం. ఛత్ సున్నం పని మూడింట రెండు వంతులు చాచా వాళ్లు పెట్టుకున్నారు, ఛత్ వాళ్లది కాబట్టి. సీలింగు పూర్తిగా మాదే. ఫుప్పీకి హిస్సా లేకపోయినా బెల్లం, కరక్కాయల ఖర్చు నాదే అని పట్టుబట్టి ఇచ్చింది, మేం తీసుకున్నాం. ఏటా రోహిణి కార్తెలో పర్నాలా శుభ్రం చేయడం, మొలకలు తీయడం, మూత తెరిచి కడీలు చూడడం ఒక కాగితం మీద రాసి రెండిళ్లలో అంటించాం. ఈ ఏడు చాచా పెద్దకొడుకు వంతు, వచ్చే ఏడు మాది.